మొదటి కణుపు

రాములవ్వ కోళ్లు కూసే వేళకు పోయింది. తెల్లవారేసరికి ఆమె కొడుకు రాజమల్లయ్య వాకిటి ముందు పోశయ్య కర్ర పట్టుకొని నిలబడ్డాడు. ఊళ్లో ఎవరు పోయినా ఆ కబురు చుట్టాలకు మోసేది పోశయ్యే. అతని తండ్రి దుర్గయ్య కూడా అదే పని చేశాడు. అందరూ పేట అనే సిద్దిపేటకు మూడు కోసుల దూరంలో, గజ్వేల్ బాట పక్కనున్న ఆ ఊరికి వెట్టిమనిషి అతనొక్కడే. పటేలు పిలిచినా, పట్వారి పిలిచినా, చావు పిలిచినా నడవాల్సింది ఆ రెండు కాళ్లే.

రాజమల్లయ్య చెట్లెక్కి కల్లు గీసే మనిషి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. గోడకు ఆనుకొని చెప్పడం మొదలుపెట్టాడు.

"ముందుగాల మా చెల్లె కనకవ్వకు చెప్పాలె. పేటల లేదిప్పుడు. మల్లేశం బావకు పేట కల్లు చెట్లు పోయినయి. గుండ్లకుంటల చెట్లు పట్టిండు. రెండు నెలలాయె."

"గుండ్లకుంటనా? గా పేరు ఎన్నడు ఇనలే గౌడా."

"కొత్తగ గుడిసెలేసుకున్నరు. గజ్వేల్ బాట పట్టి పోతే ఎవలన్న చెప్తరు. గుండ్లకుంట. అన్నిట్లకు ముందు గదే."

పోశయ్య బొటనవేలిని చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టి నొక్కాడు. "గుండ్లకుంట కనకవ్వ."

"పొన్నాలల మేనత్త యాదవ్వ. మిట్టపల్లిల మేనమామ భూమయ్య."

రెండో కణుపు, మూడో కణుపు నిండాయి. రాజమల్లయ్య ఇంకో మూడు పేర్లు చెప్పాడు. నడిమివేలి మూడు కణుపులూ నిండాయి. పోశయ్య ఆరు పేర్లూ ఒకసారి వరుసగా అప్పజెప్పాడు. రాజమల్లయ్య తల ఊపి లోపలికి పోయాడు. పొద్దుగూకే లోపల మట్టి చేయాలి.

నాలుగు పేర్లయితే పోశయ్యకు కణుపులతో పని లేదు. ఊరికే నాలుక మీద నిలుస్తాయి. అయిదు దాటితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే దారి పొడవునా తిప్పి తిప్పి అనుకుంటూ పోవాలి. అప్పుడే విన్న మాట పచ్చికుండ లాంటిదని తండ్రి చెప్పేవాడు. దాన్ని కాల్చే లోపల దాని మీద ఇంకో బరువు పెట్టగూడదు. కాలిందంటే మాత్రం ఇక పగలదు. పోశయ్యకు ముప్పై ఏళ్ల చావులు యాదికున్నాయి. ఎవరు పోతే ఏయే ఊళ్లు తిరిగాడో, ఏ వాకిట్లో ఎవరు ముందు ఏడ్చారో అడిగినవాళ్లకు అడిగినట్టు చెప్పగలడు. పోశయ్యకు మరుపు లేదని ఊళ్లో అంటారు. అతనికి ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

చావు కబురు మోసేవాడిని దారిలో ఎవరూ ఆపరు. దండం పెట్టినా అతను బదులు పలకడు. కర్ర అడ్డంగా భుజాన పెట్టుకొని పోతుంటే చూసినవాళ్లే పక్కకు తప్పుకుంటారు. అట్లా ఏర్పాటు చేసిన పెద్దలెవరో గాని, మనిషి తల ఎంతపాటిదో తెలిసినవాళ్లే అయ్యుండాలి.

పోశయ్య గజ్వేల్ బాట పట్టాడు. గుండ్లకుంట కనకవ్వ, పొన్నాల యాదవ్వ, మిట్టపల్లి భూమయ్య. ఒక్కో అడుగుకు ఒక్కో పేరు. ఊరు దాటి పావుకోసు పోయాక బాట కింద వాననీళ్లు పోయే రాతిమోరీ ఉంది. దాని మీద అడుగు పెట్టి "గుండ్లకుంట" అన్నాడో లేదో, ఎదురుగా కేక వినబడింది.

"అరే! నిలబడు!"

రెవెన్యూ అధికారి గిర్దావర్ దగ్గరి బంట్రోతు, చప్రాసి. సర్కారుకు రైతులు కొలవాల్సిన లెవీ గల్లా వసూలుకు గిర్దావర్ సాబ్ గజ్వేల్ దిక్కు నుంచి పేటకు పోతున్నాడు. సామాన్లు మోసే మనిషి కాలికి ముల్లు దిగి మోరీ పక్కన కూలబడ్డాడు. ఇనుప పెట్టె, పరుపుచుట్ట నేల మీద ఉన్నాయి.

"చావు కబురు వట్కపోతున్న దొరా," అన్నాడు పోశయ్య. కర్ర చూపించాడు.

"సచ్చినోళ్లకు తొందరేంది? సాబ్‌కు తొందరున్నది. ఎత్తు."

"తల్లి పోయింది దొరా. బిడ్డకు చెప్పాలె."

చప్రాసి చేతిలోని బెత్తంతో పోశయ్య పిక్క మీద ఒకటి వేశాడు. కోపంతో కాదు, ఎద్దును అదిలించినట్టు వేశాడు. పెట్టె నెత్తికెక్కింది. దాని మీద పరుపుచుట్ట ఎక్కింది. రెండు చేతులూ పెట్టెను పట్టుకోవడానికి పోయాయి. కణుపులు లెక్కబెట్టే బొటనవేలు ఇనుప అంచు కింద ఇరుక్కుంది.

అది చాలదన్నట్టు చప్రాసి పక్కనే నడుస్తూ చెప్పాడు. "ముందు నడువు. పేటల సాబ్ దిగే బంగ్లా కాడ పటేలుకు చెప్పు. నాలుగు కోళ్లు. రెండు శేర్ల నెయ్యి. గుర్రానికి ఉలవలు. మూడు మంచాలు. మోపెడు కట్టెలు. ఒక మంగలి. ఏమన్న తక్కువైతే నీ తోలు తీస్తరు. ఏదీ, చెప్పు."

పోశయ్య చెప్పాడు. కోళ్లు, నెయ్యి, ఉలవలు, మంచాలు, కట్టెలు, మంగలి. సరిగ్గా ఆరు. చప్రాసి ఇంకోసారి చెప్పించాడు. ఫర్లాంగుకొకసారి వెనక నుంచి "ఏదీ, చెప్పు" అని కేక వచ్చేది. పోశయ్య వచ్చిన దారినే, తన ఊరి ముందు నుంచే, రాములవ్వ ఇంటి ఏడుపు చెవిలో పడుతుండగా, పేట దిక్కు నడిచాడు.

బంగ్లా దగ్గర సామాన్లు దించేసరికి పొద్దు చాలా పైకి వచ్చింది. పటేలుకు ఆరూ చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. మెడ నరాలు గుంజుతున్నాయి. నీళ్లు తాగి, బొటనవేలిని చూపుడువేలి మీదికి తెచ్చాడు.

పొన్నాల యాదవ్వ వచ్చింది. మిట్టపల్లి భూమయ్య వచ్చాడు. మిగతా ముగ్గురూ మెల్లగా వచ్చారు. మొదటి కణుపు మీద కనకవ్వ ఉంది. కనకవ్వ ఉండేది పేటలో, తాటాకుల గుడిసెల సందులో, మూడో గుడిసె. పదిహేనేళ్లుగా ఎరిగిన వాకిలి. కాళ్లు అతన్ని అడగకుండానే అటు తీసుకుపోయాయి.

గుడిసె తడికెకు బయట తాడు కట్టి ఉంది. వాకిట్లో పేడనీళ్ల సానుపు లేదు. గడ్డి మొలిచింది. పోశయ్య నోరు తెరిచి, చెప్పాల్సిన మాట సగం చెప్పి ఆగిపోయాడు. పక్కింటి ముసలమ్మ తొంగి చూసింది.

"ఎవల కోసం? మల్లేశమోళ్లు ఎల్లిపోయి రెండు నెలలాయె గదా. గజ్వేల్ దిక్కు ఏదో పల్లెనట."

రెండు నెలలు. పొద్దున రాజమల్లయ్య కూడా అదే మాట అన్నాడు. ఏ గోడకు ఆనుకొని అన్నాడో, ఏ చేత్తో ముక్కు తుడుచుకున్నాడో కూడా కనబడుతోంది. ఊరి పేరు మాత్రం లేదు. పోశయ్య సందులోనే నిలబడి మొదటి కణుపును గట్టిగా నొక్కాడు. నాలుగు కోళ్లు, అంది నాలుక. మళ్లీ నొక్కాడు. రెండు శేర్ల నెయ్యి, అంది. యాభై ఏళ్ల బతుకులో అట్లాంటి భయం అతనికి తెలియదు.

మిగతా అయిదు ఊళ్లూ ఉరుకుతూ తిరిగాడు. నడుస్తుంటే పేరు వస్తుందనుకున్నాడు. రాలేదు. ఊరు చేరేసరికి పాడె కట్టి సిద్ధంగా ఉంది. పొన్నాల వాళ్లు, మిట్టపల్లి వాళ్లు అప్పటికే వచ్చి ఏడుస్తున్నారు. రాజమల్లయ్య గజ్వేల్ బాట వైపు చూస్తున్నాడు.

"పోశయ్యా, అందరికి చెప్పినవా?"

ఒక్క మాట చాలు. మరిచిపోయిన, ఆ పేరు మళ్ల చెప్పు గౌడా, ఉరికి పోతా, అంటే సరిపోయేది. ఇంకా గంట పొద్దు ఉంది. కాని చుట్టూ నలభై మంది ఉన్నారు. అందరూ అతని మొహమే చూస్తున్నారు. పోశయ్యకు మరుపు లేదని అందులో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అన్నవాళ్లే.

"చెప్పిన," అన్నాడు.

కనకవ్వ కోసం ఇంకొంతసేపు చూశారు. చివరికి రాజమల్లయ్య కండువా నడుముకు కట్టుకొని, "ఎత్తుండ్రి," అన్నాడు.

మర్నాడు పొద్దంతా పోశయ్య తన ఊరి పటేలు ఇంటి ముందు లెవీ వడ్ల బస్తాలు మోశాడు. మోస్తున్నంతసేపూ మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి.

"కన్నతల్లి సస్తే రాకపాయె! గదేం గుండె?"

"మొగని చెట్లు మంచిగ పారుతున్నయేమో. అవ్వ ఎందుకు యాదికొస్తది?"

రాజమల్లయ్య ఎవరితోనూ ఏమీ అనలేదట. రాత్రి మాత్రం భార్యతో, నాకు చెల్లె లేదనుకుంటా అన్నాడట. పోశయ్య భార్య ఐలవ్వ ఆ మాట అతనికి చెప్పింది. జొన్న గటక ముంత ముందు పెట్టి, ఆమె అతని మొహం చూసింది.

"ఏందట్లున్నవ్? పానం మంచిగ లేదా?"

"అలిసిపోయిన."

నిజంగానే అలిసిపోయాడు. బరువులు మోసినందుకు కాదు. పొద్దస్తమానం ఒక పేరు కోసం తలలో తవ్వుతూనే ఉన్నాడు. పెదవుల దగ్గరికి వచ్చినట్టే వచ్చి జారిపోతోంది. రాళ్లు అన్న మాటేదో ఉంది అందులో. కుంటనో, చెరువో ఏదో నీళ్లున్నాయి. రాళ్లకుంట అనుకున్నాడు. రాళ్లచెరువు అనుకున్నాడు. పదిసార్లు అనుకుంటే ప్రతి పేరూ నిజమే అనిపిస్తుంది. ఎవరినైనా అడుగుదామంటే, అడగడమంటే నిన్న చెప్పింది అబద్ధమని ఒప్పుకోవడమే. ఐలవ్వకు చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ గటక తాగాడు.

కనకవ్వ ఇప్పుడు ఎక్కడో అన్నం వండుకుంటూ ఉంటుంది. అవ్వ ఉందనే అనుకుంటూ ఉంటుంది. ఆ తలపు వచ్చినప్పుడల్లా అతనికి తన మీద తనకే రోత పుట్టింది.

మూడో రోజు పిట్టకు పెట్టే రోజు, పోయినవాళ్ల పేర కాకికి అన్నం పెట్టే రోజు. పొద్దున్నే రాజమల్లయ్య ఇంట్లో పొయ్యి రాజేశారు. అదే వేళకు చప్రాసి వచ్చాడు. సాబ్ గజ్వేల్‌కు తిరిగి పోతున్నాడు. పెట్టె, పరుపుచుట్ట మళ్లీ పోశయ్య నెత్తికెక్కాయి. ఈసారి అడ్డు చెప్పడానికి అతని చేతిలో కర్ర లేదు. నల్లగొండ దిక్కున జనం వెట్టి చేయబోమంటున్నారని, సంఘం పెట్టుకున్నారని పేటలో చెప్పుకుంటున్నారు. ఆ ఊళ్లు ఎట్లుంటాయోనని మాత్రం నడుస్తూ ఒకసారి అనుకున్నాడు.

ఎండ ఎడమ పక్క నుంచి కొడుతోంది. ఊరు దాటింది. బాట కొంచెం ఎత్తెక్కి మోరీ మీదికి వచ్చింది. పోశయ్య ఎడమ కాలు రాతి మీద పడింది. మొన్న పడిన చోటే పడింది. మొన్నటి లాగానే మొహం గజ్వేల్ వైపు ఉంది.

"గుండ్లకుంట," అంది నోరు.

అతను వెతకలేదు. వెతకడం నిన్న రాత్రే మానుకున్నాడు. అయినా ఎక్కడ తెగిందో అక్కడే పేరు అతని కోసం కూర్చొని ఉన్నట్టు వచ్చింది. గుండ్లకుంట కనకవ్వ. పోశయ్య ఆగిపోయాడు. మోకాళ్లు వంచి, పరుపుచుట్ట జారకుండా, పెట్టెను మెల్లగా మోరీ గోడ మీదికి దించాడు.

"ఏమైందిరా?"

"నేను పోవాలె దొరా."

"యాడికి?"

"మొన్న పోవాల్సిన కాడికి."

చప్రాసికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బెత్తం లేచింది. ఈసారి కోపంతోనే కొట్టాడు. వీపు మీద, భుజం మీద, చెవి మీద కొట్టాడు. పోశయ్య చేతులు అడ్డం పెట్టలేదు. దెబ్బలు పడుతుండగానే నడిచాడు. పెట్టెను వదిలి వెంబడి రావడానికి చప్రాసికి ధైర్యం చాలలేదు. కేకలు వెనకబడ్డాయి.

దారిలో మేకలు కాసే మనిషిని అడిగితే వేలు చూపించాడు. ఈతవనం పక్కన పది గుడిసెలు. కనకవ్వ గుడిసె ముందు కూర్చొని కల్లు లొట్లు కడుగుతోంది. అతన్ని చూడగానే నవ్వింది.

"పోశయ్యా! గీ జాగ ఎట్ల దొరికింది నీకు?"

ఆ నవ్వు ముందు నిలబడడం చప్రాసి దెబ్బల కంటే కష్టమైంది. ఆమె చూపు అతని చెవి మీది రక్తానికి, అక్కడి నుంచి చేతికి పోయింది. కర్ర లేదు. కర్ర తేలేదు గనుక చావు కబురని ఆమెకు వెంటనే తట్టలేదు.

"రాములవ్వ పోయింది అవ్వా," అన్నాడు.

"ఎప్పుడు?"

"మొన్న పొద్దుగాల. మాపటికి మట్టి చేసిన్రు."

"మొన్ననా?" ఆమె చేతిలోని లొట్టి అట్లాగే ఉంది. "మరి నాకెవలు చెప్పలేదేంది?"

"నేనే చెప్పాలె. నీ ఊరి పేరు మరిచిపోయిన. చెప్పిన్నని మీ అన్నకు అబద్ధమాడిన. నువ్వు రాలేదని అందరు నిన్నే తిడుతున్నరు."

కనకవ్వ ఏడవలేదు. కడిగిన లొట్టినే మళ్లీ కడిగింది. మూడోసారి కూడా కడిగి బోర్లించింది. తర్వాత కొంగు నడుముకు చుట్టుకొని లేచి, అతని వైపు చూడకుండా నడిచింది. పోశయ్య పది అడుగులు వెనక నడిచాడు. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందని తెలుసుకున్నాడు. మోరీ దగ్గర పెట్టె లేదు. ఇంకెవరి నెత్తి మీదికో ఎక్కింది.

వాళ్లు చేరేసరికి పిట్టకు పెట్టడం అయిపోయింది. కాకి ఎవరి కోసమూ ఆగలేదట. పెట్టగానే ముట్టిందట. వాకిట్లో చుట్టాలు బంతికి కూర్చోబోతున్నారు. కనకవ్వను చూసి రాజమల్లయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎందుకొచ్చినవ్? తినిపోదామని వచ్చినవా?"

"అన్నా, నాకు తెల్వదే. నాకెవలు చెప్పలే."

"పోశయ్య చెప్పిండు. మొన్ననే చెప్పిండు."

పోశయ్య వాకిలి బయట, తను ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాడు. "చెప్పలేదు గౌడా. పేరు మరిచిపోయిన. గియ్యాల్నే పోయి చెప్పిన."

వాకిట్లో ఎవరో నవ్వారు.

"పోశయ్య మరిచిపోయిండట!"

"ఆమె కాళ్లు వట్టుకున్నట్టుంది. పాపమని గిట్ల చెప్తుండు."

"మా తాత సావుకు తిరిగిన ఊర్లు ఇప్పటికి చెప్తడు. మూడు దినాల కింద చెప్పింది మరుస్తడా?"

పోశయ్య ఒక్కొక్కరి మొహం చూశాడు. అబద్ధం చెప్పిన రోజు అందరూ నమ్మారు. నిజం చెప్పిన రోజు ఒక్కరూ నమ్మడం లేదు. ముప్పై ఏళ్లు పేర్చుకున్న మంచి పేరు ఇప్పుడు ఆ ఆడమనిషి నెత్తి మీద పడుతోంది.

రాజమల్లయ్య అడిగాడు. "మరిచిపోతే మరి ఏదీ, ఆరు పేర్లు చెప్పు."

పోశయ్య బొటనవేలు కదిలింది. గుండ్లకుంట కనకవ్వ. పొన్నాల యాదవ్వ. మిట్టపల్లి భూమయ్య. మిగతా ముగ్గురు. ఎక్కడా తడబడలేదు. తడబడదామన్నా నాలుక వినలేదు.

"చూసిన్రా?" అన్నాడు రాజమల్లయ్య. అతని గొంతులో గెలుపు లేదు. చెల్లెలు తప్పు చేయలేదని నమ్మాలని ఉన్నా నమ్మలేని మనిషి గొంతు అది. కనకవ్వ గోడ పట్టుకొని కూర్చుంది.

"ఆగు గౌడా," అన్నాడు పోశయ్య. "మొన్న ఆ మొదటి కణుపు మీద ఏమున్నదో గది సుత ఇను." కళ్లు మూసుకున్నాడు. "నాలుగు కోళ్లు. రెండు శేర్ల నెయ్యి. గుర్రానికి ఉలవలు. మూడు మంచాలు. మోపెడు కట్టెలు. ఒక మంగలి. మోరీ మీద చప్రాసి నన్ను ఆపిండు. పెట్టె ఎత్తిండు. ఇవి చెప్పిండు. పేట దాక చెప్పించుకుంటనే వచ్చిండు. కనకవ్వ పేరు పచ్చిగనే ఉండె. ఇవొచ్చి మీద పడ్డయి."

బంతి చివర కూర్చున్న మిట్టపల్లి భూమయ్య విస్తరి ముందు నుంచి లేచాడు. రాములవ్వ తమ్ముడు. ముసలివాడు.

"గిర్దావర్ బంగ్లకని గా మొన్ననే మా ఇంట్ల కోడిని వట్కపోయిన్రు. రెండు మంచాలు గుంజుకపోయిన్రు. ఇయ్యాల్టికి తేలే. పోశయ్య మా వాకిట్లకొచ్చినప్పుడు పొద్దు నడినెత్తికొచ్చింది. ఎన్నడు గంత ఆలిశం చెయ్యడు గదా అనుకున్న. ఈనికి నోట్ల మాట రాకుండె. అక్క పోయిన దుఃఖంల నేను అడుగలే."

రాజమల్లయ్య పోశయ్య చెవి వైపు, చొక్కా లేని వీపు మీద తేలిన చారల వైపు చూశాడు.

"మాపటికి వచ్చినప్పుడు నేనడిగిన. గంట పొద్దుండె. అప్పుడెందుకు చెప్పకపోతివి?"

"గది మరుపు కాదు గౌడా," అన్నాడు పోశయ్య. "గది నా తప్పే. సిగ్గయింది."

రాజమల్లయ్య గడప మీది నుంచి పక్కకు జరిగాడు. కనకవ్వ లేచి, అన్నను దాటుకొని, తల్లి పడుకునే మూలకు పోయింది. అప్పుడు వినబడింది ఏడుపు. మూడు రోజులు ఆగిన ఏడుపు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయారు.

"ఇగ మా ఇంటి కబుర్లు నువ్వు మోయకు," అన్నాడు రాజమల్లయ్య మెల్లగా. తిట్టినట్టు లేదు. పోశయ్య సరేనని తల ఊపాడు. కనకవ్వ బయటికి వస్తే కాళ్లు పట్టుకోవాలని చాలాసేపు నిలబడ్డాడు. ఆమె రాలేదు.

ఆ మాట ఒక ఇంటితో ఆగలేదు. నెల తిరగకముందే ఊళ్లో ఇంకో చావు జరిగితే కబురు మోయడానికి, ఆ పని ఎన్నడూ చేయని మైసయ్యను పిలిచారు. పోశయ్య తన గుడిసె ముందు తాడు పేనుతూ కూర్చున్నాడు. మైసయ్యకు అప్పజెప్తున్న పేర్లు అక్కడి దాకా వినబడుతున్నాయి. మైసయ్య రెండుసార్లు తప్పు చెప్పాడు. మూడోసారి కుదిరింది.

"నిన్ను పిలువకపోవుడే మంచిదాయె," అంది ఐలవ్వ. "కాళ్లకు ఇరామం."

పోశయ్య తాడు పేనడం ఆపాడు. ఎవరూ అడగకుండానే బొటనవేలు చూపుడువేలి మీదికి పోయింది. అలవాటు కొద్దీ కొత్త పేర్లు ఎక్కించుకోబోయింది. రెండో కణుపు మీద ఒక పేరు కూర్చుంది. మూడో దాని మీద ఒకటి కూర్చుంది. మొదటి దాని మీద ఏదీ కూర్చోలేదు.

అక్కడ గుండ్లకుంట కనకవ్వ ఉంది. ఒక్క పూట నిలబడమంటే నిలబడని పేరు ఇప్పుడు పొమ్మన్నా పోవడం లేదు. పోశయ్య పిడికిలి బిగించి, చేతిని తాడు కట్ట కింద పెట్టుకున్నాడు.